నీలి దీపం కింద ఇరవై సెకన్లు

మొన్న సోమవారం మదనపల్లె ఓపీలో ఒక అవ్వ బీపీ మాత్రల కోసం వచ్చింది. వెంట ఎనిమిదేళ్ల మనవడు. చీటీ రాసిచ్చాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

‘‘సార్, ఒక మాట. వీడు పుట్టినప్పుడు కామెర్లని నీలం లైటు కింద పనుకోబెట్టినారు. పోయిన నెల పన్ను పుచ్చిందని తీసుకుపోతే మళ్లా అదే నీలం లైటు నోట్లో పెట్టినారు. పంటికి కూడా కామెర్లు వస్తాయా?’’ అంది.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె చెప్పిన మాటకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఫిల్లింగ్ పది రోజులకే ఊడొచ్చేసిందట. ‘‘లైటు పెట్టినప్పుడు కదలకుండా ఉన్నావా నాయనా?’’ అని పిల్లవాణ్ని అడిగాను. వాడు నేలచూపులు చూస్తూ, ‘‘మధ్యలో నోరు మూసేసినా సార్’’ అన్నాడు.

అవ్వ ప్రశ్నలో తప్పేమీ లేదు. రెండూ నీలి వెలుతురే. చేసే పనులే వేరు. పసిబిడ్డ ఒంటి మీద పడ్డ నీలి వెలుతురు చర్మంలోని బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఆకారాన్ని మారుస్తుంది. ఆకారం మారాక అది సులువుగా మలమూత్రాల్లో బయటికి పోతుంది. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు, ఎండ తగిలిన మేర బిడ్డ ఒంటి పసుపు తగ్గడం గమనించింది. ఈ వైద్యానికి మొదలు అక్కడే. పంటి మీద పడే వెలుతురు అలా దేన్నీ కరిగించి పంపదు. మెత్తటి ముద్దను రాయిలా గట్టిపరుస్తుంది. నిజానికి వెలుతురుతో ప్లాస్టిక్ తయారుచేయడమే అది. ఫ్యాక్టరీలో కాదు, మీ అబ్బాయి నోట్లో.

నేను జనరల్ ఫిజీషియన్ని. పళ్లు నా శాఖ కాదు, కళ్లూ కాదు. అయినా ప్రభుత్వ ఉద్యోగంలో కుప్పం, పుంగనూరు, మదనపల్లె తిరిగిన ఇన్నేళ్లలో ఈ వెలుతురు వ్యవహారం మూడు రకాలుగా నా టేబుల్ ముందుకు వచ్చింది. ఒకసారి పంటి రూపంలో, ఒకసారి గోటి రూపంలో, ఒకసారి కంటి రూపంలో. మూడింటి కిటుకూ ఒకటే. అది తెలిస్తే మీ ఇంట్లో కొన్ని ఇబ్బందులు తప్పుతాయి.

చేతులు కట్టుకున్న పిల్లలు

బస్టాండు దగ్గర ఏదైనా సెల్ షాపుకెళ్లి ఫోనుకు యూవీ గ్లాసు వేయమనండి. కుర్రాడు స్క్రీన్ మీద బొట్టుబొట్టుగా జిగురు వేసి, గ్లాసు పరిచి, చిన్న దీపం పెడతాడు. కాసేపటికి జిగురు గట్టిపడి గ్లాసు అతుక్కుంటుంది. దీపం పెట్టకపోతే ఆ జిగురు అలా కారుతూనే ఉంటుంది. దాన్ని ఆరబెట్టేది గాలి కాదు, వేడి కాదు, వెలుతురే.

ఎలా అంటారా? బడి మైదానంలో వందమంది పిల్లలు చేతులు కట్టుకుని విడివిడిగా నిలబడ్డారనుకోండి. ఎవరికి వారే కాబట్టి గుంపులోంచి అటూఇటూ నడిచిపోవచ్చు. జిగురు కారడమంటే అదే. ఈ విడి అణువుల్ని మోనోమర్లు అంటారు. ఇప్పుడు డ్రిల్ మాస్టారు ఈల వేసి ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకు లాగాడు. వాడి రెండో చెయ్యి ఖాళీ అయింది. అది పక్కవాణ్ని పట్టుకుంది. వాడి చెయ్యి ఆ పక్కవాణ్ని. క్షణాల్లో మైదానమంతా గొలుసులు. గొలుసుకూ గొలుసుకూ మధ్య కూడా చేతులు కలిస్తే అది వల. ఇక ఎవరూ కదలలేరు. ముద్ద గట్టిపడింది. ఈ గొలుసునే పాలిమర్ అంటారు.

ఆ డ్రిల్ మాస్టారి పని చేసే పదార్థాన్ని జిగురులోనే ముందుగా కాస్త కలిపి ఉంచుతారు. వెలుతురు పడేదాకా అది నిద్రపోతుంది. తనకు సరిపడే రంగు వెలుతురు తగిలితేనే లేస్తుంది. పంటి ఫిల్లింగుల్లో ఎక్కువగా వాడే ఈ పదార్థం పేరు కాంఫర్‌క్వినోన్. పేరు కొత్తగా ఉన్నా మనకు పరాయిదేం కాదు, హారతి కర్పూరానికి దగ్గరి చుట్టం. కర్పూరం నుంచే దాన్ని తయారుచేయవచ్చు. కర్పూరం తెల్లగా ఉంటే ఇది పసుపుగా ఉంటుంది. పసుపుగా కనిపిస్తోందంటేనే నీలి వెలుతురును మింగుతోందని అర్థం. 468 నానోమీటర్ల దగ్గరి నీలి రంగంటే దీనికి బాగా ఇష్టం. పంటి డాక్టర్ దగ్గర దీపం నీలంగా, కళ్లకు అడ్డం పెట్టే పలక నారింజ రంగులో ఉండేది ఇందుకే. ఆ నారింజ పలక నీలి రంగును లోపలికి రానివ్వదు.

కిటుకు ఇదీ: వెలుతురు ఎంత దూరం వెళ్తే అంతవరకే గొలుసు మొదలవుతుంది. వెలుతురు అందనిచోట ముద్ద ముద్దగానే మిగులుతుంది. పైన చూస్తే గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం పచ్చి.

నోరు తెరిచి ఉంచాల్సింది ఎందుకంటే

పంటి రంగులో ఉండే ఈ ఫిల్లింగ్ పదార్థానికి మూలమైన రసాయనాన్ని అమెరికాలో రఫేల్ బోవెన్ అనే దంతవైద్యుడు 1950ల చివర్లో రూపొందించాడు. మొదట్లో రెండు ముద్దలు కలిపి గట్టిపడేలా చేసేవారు. 1970ల్లో వెలుతురు వచ్చింది. ముందు అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ; తర్వాత మామూలు నీలి వెలుతురు. చాలాకాలం ఫ్యాను తిరుగుతూ రొద చేసే హాలోజన్ దీపాలే ఉండేవి. నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు గుర్తుందా? పంటి క్లినిక్కుల్లో ఇప్పుడు కనిపించే పెన్నులాంటి దీపం ఆ ఎల్ఈడీ చలవే.

మామూలుగా ఈ ముద్దను ఒకేసారి దట్టించరు. సుమారు 2 మిల్లీమీటర్ల మందాన ఒక పొర వేసి, 20 సెకన్లు వెలుతురు పట్టి, ఆ పైన ఇంకో పొర వేస్తారు. ఒకేసారి మందంగా వేయడానికి ప్రత్యేకమైన పదార్థాలు కూడా ఉన్నాయి, ఆ సంగతి డాక్టరుకు తెలుసు. సెకన్ల లెక్క కూడా దీపాన్ని బట్టి, ముద్దను బట్టి మారుతుంది. దీపం మొన పంటికి ఎంత దగ్గరగా, ఎంత నిటారుగా ఉంటే అంత మంచిది. పిల్లవాడు తల తిప్పినా, పెదవి మూసినా, నాలుకతో తోసినా దీపం పక్కకు జరుగుతుంది. వెలుతురు చిగురు మీద పడుతుంది, పంటి మీద కాదు. పది సెకన్లే పడ్డ వెలుతురును ఇరవైగా లెక్కేసుకుంటాం.

అన్నీ సరిగ్గా చేసినా ఈ ముద్దలో నూటికి నూరు పాళ్ల చేతులూ కలవవు. సగానికి పైన, డెబ్బై దాకా కలిస్తే బాగా గట్టిపడినట్టే లెక్క. ఆ మాత్రం కూడా కలవకపోతే ఫిల్లింగ్ తొందరగా అరుగుతుంది, రంగు మారుతుంది, అంచుల్లో సందు పడి మళ్లీ పుచ్చు మొదలవుతుంది. లేదా అవ్వ మనవడికి అయినట్టు ఊడిపోతుంది. ఊడటానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు లెండి. ముద్ద పెట్టేటప్పుడు ఉమ్ము తగిలినా పట్టు దొరకదు. వాడు నోరు మూసేశాడంటే రెండూ జరిగి ఉండొచ్చు.

నా సంగతీ చెప్పాలి. నాలుగేళ్ల కింద నాకూ ఒక దవడ పన్నుకు ఫిల్లింగ్ పెట్టారు. దీపం పెట్టగానే జేబులో ఫోన్ మోగింది. వార్డు నుంచేమోనని తల వంచి చూశాను. ‘‘సార్, ఇంకోసారి పెడతాను’’ అని ఆ డాక్టరమ్మ అంటే, ‘‘చాల్లేమ్మా, టైమైపోయింది’’ అని లేచి వచ్చేశాను. మూడు వారాలకు శనగలు నములుతుంటే ముక్క చేతిలోకి వచ్చింది. రోజూ వందమందికి ఓపిక గురించి చెప్పే డాక్టరు చేసిన నిర్వాకం ఇది.

కాబట్టి పిల్లల్ని తీసుకెళ్తున్నప్పుడు ముందురోజే ఇంట్లో ఆడించండి. నోరు తెరిచి ఇరవై దాకా లెక్కపెట్టడం, నాలుగైదు సార్లు. పిల్లలకు ఇది పందెంలా ఉంటుంది. క్లినిక్‌లో దీపం వెలుగుతున్నప్పుడు మీరు ఆ నీలి వెలుతురు వంక చూడకండి, పిల్లవాడికి అద్దాలు పెట్టమనండి. కళ్లు మూసుకోమన్నా పర్వాలేదు. కంటిశుక్లం ఆపరేషన్ అయినవారు మరికాస్త జాగ్రత్తగా ఉండాలి. పిల్లవాడు కదిలాడని మీకు అనిపిస్తే, ‘‘ఇంకోసారి వెలుతురు పట్టండి డాక్టర్’’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గట్టిపడేటప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది, అంతే. వెలుతురుతో గట్టిపడ్డ ఫిల్లింగ్ కుర్చీ దిగేసరికే గట్టిగా ఉంటుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే మాత్రం అది దిగేదాకా పిల్లలకు ఏమీ పెట్టకండి, తెలియక పెదవి కొరుక్కుంటారు.

ఏ ఫిల్లింగుకైనా ఈ దీపం కావాలని అనుకోకండి. గ్లాస్ అయోనమర్ అనే రకం చాలావరకు దానంతటదే గట్టిపడుతుంది. అసలు కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలకు చాలాసార్లు అదే నయం. పాదరసం కలిసిన పాత వెండి ఫిల్లింగులను మినమాటా ఒప్పందం కింద ప్రపంచమంతా తగ్గిస్తూ వస్తోంది కాబట్టి, మున్ముందు మన ఇళ్లలో ఈ నీలి దీపం ఇంకా ఎక్కువమంది నోళ్లలోకి వెళ్తుంది.

పుంగనూరు పెళ్లిళ్లు, పది గోళ్లు

పుంగనూరులో ఉన్నప్పుడు ముప్పై ఏళ్ల అమ్మాయి ఒకామె కళ్ల రెప్పలు వాచి వచ్చింది. కిడ్నీల సమస్యేమోనని ఆమె భయం. మూత్రపరీక్ష బాగానే ఉంది. చేతులు చూపించమంటే వేళ్ల కొసలు పగిలి, ఎర్రబడి, పొట్టు లేస్తున్నాయి. రెండు గోళ్లు మొదట్లో లేచి ఉన్నాయి. ఫంగస్ అనుకుని మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్లు అడిగి తెచ్చుకుని ఆరు నెలలుగా పూస్తోంది. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే అసలు విషయం బయటపడింది. పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెడుతుంది. ఈమధ్య ఆన్‌లైన్‌లో చిన్న దీపం, సీసాలు తెప్పించుకుని జెల్ నెయిల్స్ కూడా మొదలుపెట్టింది.

పంటి ముద్దకూ ఈ జెల్‌కూ చుట్టరికం ఉంది. రెండూ అక్రిలేట్ కుటుంబమే. గోటి దీపం యూవీకి దగ్గరగా ఉండే ఊదా వెలుతురు ఇస్తుంది, తేడా అంతే. పూర్తిగా గట్టిపడ్డ జెల్ గోరు మీద ఉంటే సాధారణంగా ఏ గొడవా ఉండదు. గట్టిపడకముందు విడి మోనోమర్ చర్మానికి తగలడమే ప్రమాదం. ఒకసారి తగిలితే ఏమీ కాకపోవచ్చు. తగులుతూ ఉంటే ఏదో ఒకరోజు ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం దాదాపు జీవితాంతం పోదు. వేళ్లతో కళ్లు తుడుచుకుంటే రెప్పలు వాస్తాయి. పల్చటి చేతి గ్లవ్స్ దీనికి అడ్డం కావు, ఈ రసాయనం నిమిషాల్లో వాటిలోంచి దూరిపోతుంది.

సగం గట్టిపడటం ఇక్కడా అసలు చిక్కే. ఒక కంపెనీ జెల్‌కు ఇంకో కంపెనీ దీపం పెడితే, మందంగా పూస్తే, బొటనవేలు దీపం కింద పక్కకు వాలితే అడుగు పొర పచ్చిగా మిగులుతుంది. పైన జిగటగా తగిలే పల్చటి పొర మాత్రం ఎప్పుడూ ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ గొలుసు అల్లుకోకుండా అడ్డుపడుతుంది మరి. దాన్ని వేలితో తుడవకూడదు.

బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లోనే ఇంట్లో వాడే జెల్ కిట్ల గురించి హెచ్చరించింది. ఐరోపాలో హెమా అనే మోనోమర్ కలిసిన గోటి ఉత్పత్తులు శిక్షణ పొందినవారికే పరిమితం. జెల్‌లో డ్రిల్ మాస్టారి పని చేసే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో నిషేధించారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో సంతానశక్తికి హాని కనిపించడమే కారణం. పెళ్లికి ఒకసారి వేయించుకున్నవాళ్లు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని వారానికి పదిమందికి వేసేవాళ్లు, హాస్టల్లో ఒకరి గోళ్లకు ఒకరు వేసుకునే ఆడపిల్లలు మాత్రం ఆలోచించాలి. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నవారు అయితే ఆ దీపం కింద చేతులు పెట్టకపోవడమే మంచిది, ఆ మందు వాడేవారి ఒంటికి యూవీ పడదు.

ఆమెను చర్మవిభాగానికి పంపితే ప్యాచ్ టెస్టులో అక్రిలేట్ల ఎలర్జీ అని తేలింది. ‘‘జెల్ మానేస్తే సరిపోతుంది కదా సార్?’’ అంది. పూర్తిగా సరిపోదు, అదే బాధ. ఇక జీవితాంతం పంటి డాక్టరుకు ముందే చెప్పాలి. మోకాలి కీలు మార్చాల్సి వస్తే ఎముకల డాక్టరుకు చెప్పాలి, కీలును అతికించే బోన్ సిమెంటు కూడా ఇదే కుటుంబం. రేపు షుగర్ వస్తే చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ల జిగురులోనూ వీటి చుట్టాలు ఉండొచ్చు. షుగర్ రోగుల్లో సెన్సర్ అంటించినచోట దద్దుర్లు వచ్చినవాళ్లను నేనూ చూశాను. ఈ ముక్కలన్నీ ఒక కార్డు మీద రాసి, పర్సులో పెట్టుకోమని ఇచ్చాను. గోరింటాకు పని ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

కుప్పం అబ్బాయి కళ్లజోడు

మూడో సంగతి వీటిలో పెద్దది. కుప్పంలో పనిచేసే రోజుల్లో పదిహేడేళ్ల అబ్బాయి తలనొప్పని వచ్చాడు. మైగ్రేన్ అనుకున్నాను. చివర్లో వాళ్లమ్మ, ‘‘ఏడాదిలో మూడు కళ్లజోళ్లు మార్చినాము సార్, దేంతోనూ సరిగా కనబడదంటాడు’’ అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్లవాడు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ దుమ్ము ఎలర్జీ. అప్పుడు అనుమానం వచ్చి కంటి విభాగానికి పంపాను. బెంగళూరులో కార్నియా మ్యాపింగ్ పరీక్ష చేసి కెరటోకోనస్ అన్నారు.

కంటి నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర కార్నియా. అది గుండ్రంగా, గట్టిగా ఉండాలి. కెరటోకోనస్‌లో అది పల్చబడి, కొస తేలి ముందుకు పొడుచుకొస్తుంది. చూపు మసక బారుతుంది, రాత్రిపూట దీపాలు రెండుగా, తోకలతో కనిపిస్తాయి, సిలిండర్ పవర్ పెరుగుతూ పోతుంది. పదిహేను, పాతిక ఏళ్ల మధ్య ఇది జోరుగా ముదురుతుంది. పూర్వం ముదిరితే కార్నియా మార్పిడే దిక్కు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థియో సైలర్, వోలెన్‌జాక్, స్పోయెర్ల్ అనే వైద్య శాస్త్రవేత్తలు దీనికి వెలుతురు మార్గం వెతికారు. 2003లో రోగుల మీద ఫలితాలు ప్రచురించారు. కార్నియా కూడా పాలిమరే, కొల్లాజెన్ అనే సహజమైన గొలుసులతో అల్లింది. ఇక్కడ కొత్తగా గొలుసు పుట్టించే పని లేదు. ఉన్న గొలుసుల మధ్య అదనంగా ముళ్లు వేయాలి. దానికి వాళ్లు ఎంచుకున్న డ్రిల్ మాస్టారు ఎవరో తెలుసా? రైబోఫ్లేవిన్, అంటే పాలలో, బి కాంప్లెక్స్ మాత్రల్లో ఉండే విటమిన్ బి2. బి కాంప్లెక్స్ వేసుకున్నరోజు మూత్రం పచ్చగా వస్తుందే, ఆ రంగు దీనిదే. ఈ పసుపు చుక్కలు కంట్లో వేసి, కార్నియా పీల్చుకున్నాక, తక్కువ తీవ్రత ఉన్న యూవీ వెలుతురు పడతారు. మొదటి పద్ధతిలో ఇది 30 నిమిషాలు. ఇప్పుడు త్వరగా ముగించే పద్ధతులూ ఉన్నాయి. దీన్ని క్రాస్‌లింకింగ్ అంటారు. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతించింది, మన దేశంలో అంతకు ముందు నుంచే చేస్తున్నారు.

ఒక విచిత్రం చెప్తాను. పంటిలో, గోటిలో ఆక్సిజన్ ఈ పనికి అడ్డు అన్నాను కదా. కంట్లో మాత్రం ఆక్సిజన్ ఉంటేనే ముళ్లు బాగా పడతాయి. ఇక రైబోఫ్లేవిన్ ఒక చేత్తో ముళ్లు వేస్తూనే, ఇంకో చేత్తో యూవీని తనే తాగేసి కంటి లోపలి పొరల్ని కాపాడుతుంది. అయినా కార్నియా మరీ పల్చగా ఉంటే ప్రమాదమే. మొదటి పద్ధతిలో కనీసం 400 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదింట నాలుగు వంతుల మందం ఉండాలన్నారు. అందుకే ఆలస్యం చేయకూడదు. పల్చబడేకొద్దీ ఈ తలుపు మూసుకుపోతుంది.

ఇంటర్నెట్లో చూసి కొందరు బి2 మాత్రలు మింగి ఎండలో సూర్యుణ్ని చూస్తే చాలా అని అడుగుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రెటీనా కాలితే ఏ దీపమూ తిరిగి బాగుచేయలేదు.

క్రాస్‌లింకింగ్ జబ్బును చాలామందిలో ఆపుతుంది, పోయిన చూపును మాత్రం తిరిగి తెచ్చివ్వదు. తర్వాత కూడా కళ్లజోడో, ప్రత్యేక కాంటాక్ట్ లెన్సులో కావాల్సిందే. చేశాక రెండు మూడు రోజులు నొప్పి, నీరు కారడం మామూలే. ఇన్‌ఫెక్షన్ రాకుండా చుక్కలు తప్పకుండా వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం కళ్లు నలపడం మానాలి, దురదకు మందు వాడాలి. నలుపుతూ ఉంటే వేసిన ముళ్లకు కూడా పరీక్షే.

మహారాష్ట్రలోని నాగపూర్ దగ్గరి పల్లెల్లో చేసిన సర్వేలో ముప్పై ఏళ్లు దాటినవారిలో 2.3 శాతం మందికి కెరటోకోనస్ ఉన్నట్టు 2009లో ప్రచురించారు. పాశ్చాత్య దేశాల పాత లెక్కలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కొలిచిన పద్ధతి మీద వాదనలు ఉన్నాయనుకోండి. వాదనలు ఎలా ఉన్నా, ఏటా కళ్లజోడు మారుతున్న, ఎప్పుడూ కళ్లు నలుపుకునే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే అద్దాల షాపుతో సరిపెట్టకండి. కార్నియా మ్యాపింగ్ ఉన్న ఆసుపత్రిలో ఒకసారి చూపించండి. మన ప్రాంతానికి బెంగళూరు, తిరుపతి, వెల్లూరు ఏవీ దూరం కాదు.

ఆ కుప్పం అబ్బాయికి మొదట ఎడమ కంటికి, ఆరు నెలల తర్వాత కుడి కంటికి చేశారు. రెండేళ్లుగా పవర్ మారలేదు. డిగ్రీ చదువుతున్నాడు, పండగలకు ఫోన్ చేస్తుంటాడు. మొన్న చేసినప్పుడు ఫోన్ వాళ్లమ్మ తీసుకుంది. చిన్నదానికి పన్నెండేళ్లు వచ్చాయట, అదీ అన్నలాగే కళ్లు నలుపుతోందట. ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి చూపించి తీరాలన్నాను. వచ్చే శుక్రవారం పొద్దున రైలుకు బెంగళూరు తీసుకెళ్తున్నారు.